లాగ్‌బుక్‌లో లేని మనిషి: సబ్‌కాంపాక్టా, కాంపాక్ట్ ఎస్‌యూవీయా అన్న ఒక కేసు

కారు కొనబోయేవాళ్లకు ఏది నప్పుతుందో చెప్పడం నా పని. ఏ కంపెనీ దగ్గరా కమీషన్ తీసుకోను, కాబట్టి చిన్నది కొన్నా పెద్దది కొన్నా నాకు ఒరిగేదేమీ లేదు. అయినా ఈ కేసులో మొదట తప్పు సలహా ఇచ్చాను. రాయడానికి కారణం అదే. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొలతలు మాత్రం మార్చలేదు.

ఎవరు, ఏం కావాలి

భార్యాభర్తలు, నాలుగేళ్ల బాబు, భర్త తల్లి. భార్యకు అప్పటికి ఆరో నెల. అంటే మూడు నెలల్లో కారులోకి ఇంకో చైల్డ్ సీటు వస్తుంది. భర్త ఎత్తు 183 సెంటీమీటర్లు, భార్య 158. పెద్దావిడకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. కాలు పూర్తిగా మడవలేరు, ఎక్కువసేపు మడిచి ఉంచలేరు. ఉన్నది పాత చిన్న హ్యాచ్‌బ్యాక్. రోజూ నడిపేది భార్య. భర్తకు స్టీరింగ్ దొరికేది సెలవుల్లోనూ దూర ప్రయాణాల్లోనూ.

ఇద్దరూ మూడు నెలలుగా రెండు కార్ల మధ్య నలిగిపోతున్నారు. ఒకటి సబ్‌కాంపాక్ట్ ఎస్‌యూవీ. పొడవు 4.18 మీటర్లు, వెడల్పు 1.77, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2.56. రెండోది కాంపాక్ట్. పొడవు 4.6, వెడల్పు 1.86, వీల్‌బేస్ 2.69. వీటిని ఇక్కడ చిన్నది, పెద్దది అనే పిలుస్తాను.

"పిల్లలు ఇద్దరవుతున్నారు, పైగా అమ్మ ఉంది. ఇప్పుడు చిన్నది కొని రెండేళ్లకు మళ్లీ మార్చడం ఎందుకండీ?" అని ఆయన. "రోజూ ఆ సెల్లార్‌లో పెట్టి తీయాల్సింది నేను. పిల్లర్ పక్కన స్లాటు. తలుచుకుంటేనే టెన్షన్" అని ఆవిడ. ఇద్దరి మాటా సబబే. ఇలాంటివే కష్టమైన కేసులు. ఒకరిది మొండితనం, ఇంకొకరిది న్యాయం అయితే అరగంటలో తేలిపోతుంది.

నా దగ్గరికి రాకముందే వాళ్లు ఒక మార్కుల పట్టిక వేసుకున్నారు. పదకొండు అంశాలు, ఒక్కోదానికి ఇంత వెయిటేజీ. మొదటిసారి కూడితే పెద్దది రెండు మార్కుల తేడాతో గెలిచింది. ఆవిడ పార్కింగ్ వెయిటేజీ కాస్త పెంచారు, చిన్నది గెలిచింది. ఆయన డిక్కీ వెయిటేజీ పెంచారు. అలా నాలుగు పట్టికలు తెచ్చి నా ముందు పెట్టారు. పట్టిక తప్పని నేను అనను. కానీ తేడా ఇంత తక్కువగా వచ్చినప్పుడు పట్టిక చెప్పేది ఎవరు పెన్ను పట్టుకున్నారన్నదే.

నా మొదటి సలహా, అది ఎందుకు బెడిసింది

ఇలాంటి కేసుల్లో నాకొక అలవాటు ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు కారు ఏం చేస్తుందో దానికి తగ్గట్టు కొను, మిగతా కొద్ది రోజులకు పెద్ద బండి అద్దెకు తీసుకో. పది మందిలో ఎనిమిది మందికి ఇది పనికొస్తుంది. ఎప్పుడో ఒకసారి వెళ్లే దూర ప్రయాణం కోసం, మిగతా రోజులన్నీ 250, 300 కిలోల అదనపు బరువును ఊరంతా తిప్పడం, దానికి ఇంధనం పోయడం, పెద్ద టైర్లు కొనడం దండగ.

అందుకని నాలుగు వారాలు లాగ్‌బుక్ రాయమన్నాను. కారు తీసిన ప్రతిసారీ ఎవరెక్కారు, ఏం సామాను, ఎంత దూరం. ఆవిడ పద్ధతిగా రాశారు. కారు బయటికి వెళ్లిన రోజులు 25. అందులో ఆవిడ ఒక్కరే 11 రోజులు, బాబుతో 9, ముగ్గురూ 4, నలుగురూ కలిసి ఒకే ఒక్క రోజు. 25లో 20 రోజులు ఇద్దరికి మించి ఎక్కలేదు. ఇంత స్పష్టంగా లెక్క ఉంటే ఇంకా ఆలోచించేదేముంది? చిన్నది తీసుకోండి, ఏడాదిలో రెండు మూడుసార్లు వెళ్లే దూర ప్రయాణాలకు పెద్దది అద్దెకు తెచ్చుకోండి అని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది గానీ లెక్కకు ఎదురు చెప్పలేకపోయారు.

బుకింగ్‌కు రెండు రోజుల ముందు ఏదో వివరం అడగడానికి ఫోన్ చేశారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. వెనక నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది: "నా గురించి ఆలోచించకండమ్మా, నాకు టాక్సీ అలవాటే కదా."

ఏం టాక్సీ అని అడిగాను. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి ఆవిడ టాక్సీలో వెళ్లొస్తున్నారు. పాత కారులో ముందు సీటు కిందికి ఉంటుంది, దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది. వెనక కూర్చుంటే బాబు సీటు పక్కన కాలు చాపుకోలేరు. అందుకని ఏడాదిగా ఆవిడ ఆ కారు ఎక్కడమే దాదాపు మానేశారు. ఇంట్లోవాళ్లకు అదెంత మామూలైపోయిందంటే ఎవరూ ప్రస్తావించలేదు. నేనూ అడగలేదు.

లాగ్‌బుక్ అబద్ధం చెప్పలేదు. అది ఆ కారులో పట్టిన జీవితాన్ని రాసింది. పట్టనిది టాక్సీలో వెళ్లిపోయింది. ఇంకా పుట్టని బిడ్డ కూడా అందులో లేదు. నెల రోజుల లెక్కను చేతిలో పెట్టుకుని, ఆ లెక్కలోకి రావడానికే వీల్లేని ఇద్దరి తరఫున నేను తీర్పు చెప్పేశాను. బుకింగ్ ఆపమన్నాను. ఫీజు సంగతి వాళ్లు ఎత్తలేదు, నేనే సగం వెనక్కిచ్చాను.

బ్రోచర్ లీటర్ల గొడవ

ఈలోగా భర్త డిక్కీ లీటర్లు పట్టుకుని కూర్చున్నారు. చిన్నదానికి ఒక అంకె, పెద్దదానికి దాదాపు దానికి ఒకటిన్నర రెట్లు. కానీ ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టకూడదు. జర్మనీ కార్ల పరిశ్రమ సంఘం వీడీఏ పద్ధతిలో 200 × 100 × 50 మిల్లీమీటర్ల దిమ్మలు పేర్చి లెక్కపెడతారు. ఒక్కో దిమ్మ ఒక లీటరు. దిమ్మ పట్టని మూల లెక్కలోకి రాదు. కొన్ని అంకెలు ఆ పద్ధతివి కావు. కొన్ని కిటికీ అంచు దాకా, కొన్ని పైకప్పు దాకా. కొన్నిటిలో నేల పలక కింద ఉన్న గుంత కూడా కలిసి ఉంటుంది. వీళ్ల రెండు బ్రోచర్లలో ఒకటి పైకప్పు దాకా కొలిచింది, రెండోది సీటు వెనక అంచు దాకానే. డిక్కీలో దిమ్మలు పేర్చేవాళ్లు ఎవరూ ఉండరు, పెట్టాల్సింది స్ట్రోలర్, వాకర్, రెండు సంచులు. వాటినే తీసుకురమ్మన్నాను.

తరగతి పేర్లను కూడా అతిగా నమ్మొద్దని చెప్పాను. 1994లో వచ్చిన మొదటి టయోటా రావ్4 మూడు డోర్ల మోడల్ పొడవు దాదాపు 3.7 మీటర్లు. ఇవాళ సబ్‌కాంపాక్ట్ అని పిలిచే చాలా బళ్లకంటే అది పొట్టి. హోండా హెచ్ఆర్-వీ పేరుతో 2023 మోడల్‌గా అమెరికాలో అమ్మింది యూరప్‌లో అదే పేరుతో అమ్మిన దానికంటే 20 సెంటీమీటర్లకు పైగా పొడవు. పేరు ఒకటే, బండి వేరు.

పెద్దది సేఫ్ కదా?

ఇది అందరూ అడిగే ప్రశ్న, వీళ్లూ అడిగారు. రెండు కార్లకూ క్రాష్ టెస్టులో ఐదు స్టార్లే. కానీ ఎదురుగా గుద్దుకునే పరీక్షలో వచ్చిన స్టార్లను దాదాపు సమాన బరువున్న బళ్ల మధ్యే పోల్చాలి. అమెరికా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ 250 పౌండ్లు, అంటే దాదాపు 113 కిలోల తేడా దాటితే పోల్చవద్దనే చెబుతుంది. రెండు బళ్లు ఢీకొంటే బరువైనదాని లోపలివాళ్లకు కొంత మేలు, అది భౌతికశాస్త్రం. నేను దాన్ని పెద్దదాని ఖాతాలో వేశాను గానీ చాలా తక్కువ వేశాను. పిల్లల విషయంలో సీటు సరిగ్గా బిగిసిందా లేదా అన్నది అంతకంటే ముందు చూసుకోవాలి. బిగించడానికే ఇబ్బందిగా ఉండే కారులో ఏదో ఒక రోజు తప్పు జరుగుతుంది.

ఒక ఉదయం, రెండు కార్లు, రెండు సీట్లు

శనివారం పొద్దున రెండు డెమో కార్లనూ ఒకే చోటికి తెప్పించాం. బాబు సీటు, పుట్టబోయే బిడ్డ కోసం అప్పటికే కొన్న సీటు, స్ట్రోలర్, వాకర్, పెద్దావిడ, టేపు. గర్భిణిని ఇరుకులోకి ఎక్కించడం ఇష్టంలేక ఆవిడ చెల్లెల్ని రమ్మన్నాం, ఇంచుమించు అక్క ఒడ్డూ పొడవే.

ముందు చిన్నది. పసిబిడ్డ సీటు వెనక్కి తిరిగి ఉండాలి. చైల్డ్ సీట్లపై ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన ప్రకారం కనీసం 15 నెలలు వచ్చేదాకా అంతే. ఆ సీటును ముందు ప్రయాణికుడి సీటు వెనక బిగించాం. బిగించాక ముందు సీటును ఎంత జరపాల్సి వచ్చిందంటే, పెద్దావిడ కూర్చోగానే మోకాలు గ్లవ్‌బాక్స్‌కు నాలుగు వేళ్ల దూరంలో ఆగింది. కాలు చాపడానికి లేదు. ఆవిడ ఏమీ అనలేదు. చేత్తో కాలు కొంచెం పక్కకు జరుపుకున్నారు, అంతే. అది చాలు. సరే, ఆ సీటును డ్రైవర్ వెనక్కి మార్చాం. భార్య ఎత్తుకు సరిపోయింది. భర్త కూర్చుంటే స్టీరింగ్ పొట్టకు తగిలింది.

పసిబిడ్డ సీటును ముందు పెట్టి పెద్దావిడను వెనక కూర్చోబెడితే ఎలా ఉంటుందని భర్త అడిగారు. వెనక్కి తిరిగిన సీటు ముందు పెట్టాలంటే ఎయిర్‌బ్యాగ్ ఆపి తీరాలి. ఒకరు ఆపుతారు, ఇంకొకరు పెద్దవాళ్లు కూర్చున్నప్పుడు మళ్లీ వేయడం మరిచిపోతారు. డ్రైవర్ మారుతూ ఉండే ఇంట్లో ఆ స్విచ్‌ను నేను నమ్మను. పైగా వెనక పెద్దావిడకు కాలు చాపే చోటు ఎలాగూ లేదు.

పెద్దదానిలో అదే సీటు, అదే చోటు. ముందు సీటు రెండు మెట్లు జరిపితే చాలింది. పెద్దావిడ కాలు చాపారు. వీల్‌బేస్‌లో ఉన్న 13 సెంటీమీటర్ల తేడాలో చాలా భాగం ఇక్కడే కనబడింది. బయట నుంచి చూస్తే కారు పొడవులో 42 సెంటీమీటర్ల తేడా ఉంది. మిగతాదంతా ముక్కూ తోకే.

భర్త ముఖంలో గెలిచిన కళ కనబడింది. అది ఎక్కువసేపు నిలవలేదు. పెద్ద కారు కావాలని ఆయన పట్టుబట్టడానికి అసలు కారణం ఐదుగురూ ఒకే కారులో వెళ్లడం. వెనక రెండు పక్కలా రెండు చైల్డ్ సీట్లు పెట్టి, మధ్యలో మరదలిని కూర్చోమన్నాం. టేపు పెట్టి కొలిచాను. చిన్నదానిలో రెండు సీట్ల మధ్య ఇరుకైన చోట 25 సెంటీమీటర్లు, పెద్దదానిలో 33. ఆ అమ్మాయి పెద్దదానిలో ఒక పక్కకు ఒరిగి, ఒక భుజం ముందుకు పెట్టి కూర్చుంది. బెల్టు బకిల్ బాబు సీటు అంచు కింద కూరుకుపోయింది. రెండు వేళ్లు లోపలికి దూర్చి నాలుక వంటి ఆ లోహపు ముక్కను మూడుసార్లు నెట్టింది, క్లిక్ అనలేదు. "బావగారూ, ఇలా అరగంట కూడా కూర్చోలేను" అంది.

అంటే పెద్ద కారు కొన్నా ఆయన కోరిక తీరదు. బుకింగ్ చేశాక ఇది తెలిస్తే ఆ ఇంట్లో ఏం జరిగేదో ఊహించగలను.

కారణం వెడల్పు చాలకపోవడం మాత్రమే కాదు. చైల్డ్ సీటును నేరుగా కారుకు తగిలించే కొక్కేలను ఐసోఫిక్స్ అంటారు. వాటి జత మధ్య దూరం 28 సెంటీమీటర్లు. ఆ కొక్కేలు కారు అస్థిపంజరానికి అతికి ఉంటాయి, సీటును పక్కకు జరపడానికి కుదరదు. డోరు వైపు నాలుగైదు సెంటీమీటర్లు ఖాళీగా పడి ఉంటుంది, మధ్యలో మాత్రం ఊపిరాడదు. బాబు సీటును ఐసోఫిక్స్ లేకుండా బెల్టుతో బిగించే సన్నపాటి రకానికి మార్చి, డోరు వైపు జరిపి చూశాం. అలాంటి డెమో సీటు ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. పెద్దదానిలో మధ్య చోటు 39 సెంటీమీటర్లయింది, బకిల్ బయటికి వచ్చింది, క్లిక్ అంది. చిన్నదానిలో 30 దాటలేదు.

మధ్య సీటు ఎప్పటికీ సుఖంగా ఉండదు. కానీ గంట ప్రయాణానికి పనికొస్తుంది.

ఒక విషయంలో చిన్నదే మెరుగని ఒప్పుకోవాలి. ఎక్కి దిగడం. చిన్నదాని సీటు పెద్దావిడ నడుం ఎత్తుకు సరిగ్గా వచ్చింది, కూర్చుని తిరిగితే చాలు. పెద్దదాని సీటు ఇంకా పైన ఉంది, డోరు కింద గడప కూడా వెడల్పుగా ఉంది. ఆవిడ పొట్టి మనిషి, కూర్చున్నాక పాదాలు గాల్లో ఊగాయి. ఎస్‌యూవీ అంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకు సులువని చాలామంది అనుకుంటారు. ఎవరి నడుం ఎత్తు ఎంతో చూడకుండా ఆ మాట అనకూడదు. పెద్దదాని పై వేరియంట్‌లో ముందు ప్రయాణికుడి సీటును దించే లివర్ ఉందని తెలిసింది. మామూలు వేరియంట్‌లో డ్రైవర్‌కు మాత్రమే. లివర్ ఉన్నది తెప్పించి సీటు పూర్తిగా దించాం. ఐదు సెంటీమీటర్లు తగ్గింది, పాదం నేలకు ఆనింది.

సెల్లార్

మిగిలింది ఆవిడ భయం. దాన్ని మాటలతో తీసేయాలనుకోవడం తప్పు. భయానికి చోటు ఉంటుంది, అక్కడికే వెళ్లి చూడాలి. సుద్దముక్క, టేపు పట్టుకుని వాళ్ల స్లాటుకు వెళ్లాను. పొడవు 5 మీటర్లు, వెడల్పు 2.4. ఒక పక్క పిల్లర్, ఇంకో పక్క పొరుగువాళ్ల కారు.

నేల మీద రెండు కార్ల బొమ్మలూ గీశాను, డోర్లు ఎక్కడ వస్తాయో గుర్తులు పెట్టి. వెడల్పులో రెండింటికీ తేడా 9 సెంటీమీటర్లు. ఒక్కో పక్కకు నాలుగున్నర. ఆవిడ ఆ రెండు గీతల మధ్య అరచెయ్యి అడ్డంగా పెట్టి చూసుకున్నారు, చెయ్యి పట్టలేదు. "ఇంతేనా?" అన్నారు.

అసలు చిక్కు వెడల్పుది కాదు, పిల్లర్‌ది. అది దారి అంచు నుంచి 90 సెంటీమీటర్ల దగ్గర మొదలై 1.4 మీటర్ల దాకా ఉంది. ఆవిడ ఇన్నాళ్లూ ముక్కు ముందుగా లోపలికి పెడుతున్నారు. అప్పుడు వెనక డోరు తెరిస్తే అంచు సరిగ్గా పిల్లర్ వైపే వస్తుంది. బాబును దించడానికి ఏడాదిగా పడుతున్న అవస్థ అదే, పాత చిన్న కారుతో కూడా. రివర్స్‌లో పెడితే పిల్లర్ ముందు చక్రం పక్కన ఉంటుంది, డోర్లు దాన్ని దాటి తెరుచుకుంటాయి. అయితే రివర్స్‌లో పెడితే పెద్దదాని వెనక గోడకు 40 సెంటీమీటర్లే మిగులుతుంది. డిక్కీ తలుపు తెరవలేరు. చిన్నదైతే 80 మిగిలేది, ఎలాగోలా తెరిచేవారు. ఇది పెద్దదానికి నిజమైన లోటు, దాచలేదు. స్ట్రోలర్ పెట్టాలంటే కారు బయటికి తీశాకే.

వారాంతానికి పెద్దది అద్దెకు తీసుకోమన్నాను. నడపాల్సింది ఆవిడే, భర్త పక్కన కూర్చోకూడదని షరతు పెట్టాను. తొమ్మిదిసార్లు పెట్టి తీశారు. మొదటిసారి ఐదుసార్లు ముందుకూ వెనక్కూ. చివరిసారి రెండు. ఫోన్‌లో ఆ సంగతి చెబుతున్నప్పుడు గొంతులో టెన్షన్ లేదు, కొంచెం విసుగు మాత్రం ఉంది.

ఎలా తేల్చాం

చివరికి పట్టికకు బదులు ఒక్క ప్రశ్న పెట్టుకున్నాం: ఏ లోటును కొన్న తర్వాత సరిచేసుకోగలం? రివర్స్ పార్కింగ్ నేర్చుకోవచ్చు. సీటు ఎత్తు లివర్‌తో దించొచ్చు. డిక్కీ బయట తెరవొచ్చు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య దూరాన్ని మాత్రం ఎవరూ పెంచలేరు. పెద్దది తీసుకున్నారు. లివర్ ఉన్న వేరియంట్ కోసం ఆల్ వీల్ డ్రైవ్ వదులుకున్నారు, గాజు కప్పు కూడా. గాజు కప్పు తలపై చోటు తింటుంది కాబట్టి 183 సెంటీమీటర్ల మనిషికి అది నష్టం కాదు.

నిజానికి పక్కకు జరిగే డోర్లున్న వ్యాన్ తరహా బండి ఈ రెండింటికన్నా వాళ్లకు బాగా నప్పేది. పిల్లర్ గొడవా ఉండదు, ఎక్కడమూ సులువు. రెండుసార్లు చెప్పాను. మూడు నెలల్లో ఆ దంపతులు ఒకే మాట మీద నిలబడింది అప్పుడే: వద్దు. రోజూ కళ్లెదుట ఉండే వస్తువు వాళ్లకు నచ్చాలి కదా, వదిలేశాను.

ఈ కేసు తర్వాత నా ప్రశ్నల కాగితంలో మొదటి లైను మార్చాను. ఇదివరకు "కారులో ఎవరెవరు వెళ్తారు?" అని ఉండేది. ఇప్పుడు దాని పైన "ఇంట్లో ఎవరు ఇప్పుడున్న కారు ఎక్కడం లేదు, ఎందుకు?" అని ఉంటుంది. లాగ్‌బుక్ మానలేదు. కాకపోతే టాక్సీ ప్రయాణాలు, మానుకున్న ప్రయాణాలు కూడా అందులో రాయమంటున్నాను.

ఎనిమిది నెలల తర్వాత మాట్లాడాను. వెనక డోరుకు ఒక గీత పడింది. భర్త ముక్కు ముందుగా పెట్టిన రోజున. ఇంధనం ఖర్చు పెరిగిందని ఆవిడ ఒక మాట అన్నారు, ఊహించినంతే. ఐదుగురూ కలిసి వెళ్లింది నాలుగుసార్లు. పెద్దావిడ ఫిజియోథెరపీకి కోడలితోనే వెళ్తున్నారు, ఒక్కోసారి పనేమీ లేకపోయినా ఊరికే కారెక్కుతున్నారట. బాబుకు త్వరలో బూస్టర్ సీటు, అంటే బెల్టు సరిగ్గా పడేలా ఎత్తు పెంచే సీటు, కొనాలి. దుకాణంలో నచ్చినదాన్ని ముందు కారు దగ్గరికి మోసుకొచ్చి, మధ్యలో తనే కూర్చుని, బకిల్ క్లిక్ అన్నాకే డబ్బు కడతానని కోడలు చెప్పారు.